ఇంటికి వైర్డ్ సీసీ కెమెరాలు సరిగ్గా బిగించుకోవడం ఎలా: గేటు నుంచి డీవీఆర్ దాకా

"అమ్మానాన్న ఊళ్లో ఉంటారు, మేం ఎల్బీనగర్‌లో ఉంటాం. ఇంటికి కెమెరాలు పెడదామనుకుంటున్నాం, ఎట్ల పెట్టాలె?" నల్గొండ, దేవరకొండ, జడ్చర్ల వైపు నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్తే సగం మరిచిపోతారు. అందుకే మొదటి నుంచి చివరిదాకా వరుసగా ఒకచోట రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. కెమెరా చెడిపోయి బొమ్మ ఆగిపోయిన ఇళ్లు నేను చూసినవి తక్కువ. జాయింట్‌లో నీళ్లు పోయి, పిన్ను వదులై, దూరం వల్ల కరెంటు చాలక ఆగిపోయినవే ఎక్కువ. కాబట్టి ఇందులో కెమెరా గురించి కొంచెం, దాని వెనక ఉండే తీగ గురించి చాలా ఉంటుంది.

మాదిరికి నాలుగు కెమెరాల ఇల్లు తీసుకుంటున్నాను: ముందు గేటు, వాకిలి, డాబా మెట్లు, వెనక పెరడు. ఇద్దరు మనుషులుంటే శనివారం సాయంత్రం కొలతలు, ఆదివారం పొద్దంతా పని.

1. ముందు కాగితం మీద ఇల్లు గీయండి

డ్రిల్లింగ్ మెషిన్ తర్వాత. ముందు ఒక తెల్లకాగితం, పెన్సిల్, కొలత టేపు తీసుకోండి. ఇంటి హద్దు, గేటు, తలుపులు, మెట్లు, కిటికీలు గీయండి. దొంగ ఎటు నుంచి వస్తాడో మీరే ఆలోచించండి. మన దగ్గర చాలా ఇళ్లకు ముందు గేటుకు తాళం గట్టిగానే ఉంటుంది. పక్కింటి డాబా మీది నుంచి మన డాబా మీదికి, అక్కడి నుంచి మెట్ల తలుపు దాకా రావడం సులువు. ఆ మెట్ల తలుపును మరిచిపోయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

ఒక్కో కెమెరా చోటు దగ్గర ఈ నాలుగు చూసుకోండి:

- పొద్దున లేదా సాయంత్రం సూర్యుడు నేరుగా లెన్స్‌లో పడతాడా? పడితే ఆ వేళలో మనిషి నల్లటి నీడలా కనిపిస్తాడు. కెమెరాను ఉత్తరం వైపో దక్షిణం వైపో ఒరిగించగలిగితే మంచిది.
- పైన సజ్జ ఉందా? మన వైపు 45 డిగ్రీలు దాటే ఎండలకు పడమటి గోడ మీద నీడ లేకుండా పెట్టిన కెమెరా ఆయుష్షు తగ్గుతుంది.
- నేల నుంచి 8 నుంచి 10 అడుగుల ఎత్తు ఉందా? ఇంకా పైకి పోతే తలలు, టోపీలే కనిపిస్తాయి, ముఖం కనిపించదు. ఇంకా కిందికైతే చేతికి అందుతుంది.
- పక్కింటి వాకిలి, కిటికీ, స్నానాల గది వైపు చూస్తోందా? అలా చూస్తే చోటు మార్చండి. కోణం మార్చినా తప్పకపోతే సెట్టింగుల్లో ‘ప్రైవసీ మాస్క్’ పెట్టి ఆ భాగాన్ని నల్లగా మూసేయండి. స్నానం చేస్తున్న, బట్టలు మార్చుకుంటున్న ఆడవాళ్లను చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం అవుతుంది.

చివరగా ప్రతి కెమెరా నుంచి డీవీఆర్ (కెమెరాల బొమ్మలన్నీ రికార్డు చేసే పెట్టె) పెట్టే చోటు దాకా తీగ వెళ్లే దారిని, గోడల వెంట తిరిగే వంపులతో సహా, టేపుతో కొలవండి. నేరుగా గాలిలో కొలిచిన దూరం పనికిరాదు. వచ్చిన కొలతకు ఒక్కోదానికి 3 మీటర్లు కలపండి.

2. ఏ చోటుకు ఏ లెన్స్

దుకాణంలో "ఎన్ని మెగాపిక్సెల్?" అని అడుగుతారు, లెన్స్ గురించి ఎవరూ అడగరు. ముఖం గుర్తుపట్టగలిగే దూరం లెన్స్ మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మనిషిని కచ్చితంగా గుర్తుపట్టాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకు సుమారు 250 పిక్సెల్స్ ఉండాలన్నది ఈ రంగంలో వాడే కొలమానం. 2 మెగాపిక్సెల్ కెమెరాకు ఆ లెక్క వేస్తే పగటి వెలుతురులో దూరాలు సుమారుగా ఇలా వస్తాయి:

- 2.8 ఎంఎం లెన్స్: చాలా వెడల్పుగా చూస్తుంది, ముఖం గుర్తుపట్టేది 10 అడుగుల దాకా.
- 3.6 ఎంఎం: 14 అడుగుల దాకా.
- 6 ఎంఎం: వెడల్పు తక్కువ, కానీ 25 అడుగుల దాకా.

వాకిలికి 2.8 సరిపోతుంది. ఇంటి గోడ మీది నుంచి 25 అడుగుల దూరంలో ఉన్న గేటును చూడాలంటే 6 పెట్టండి, లేదా గేటు పక్కన గోడకే 2.8 బిగించండి. "మొత్తం కనిపించాలె" అని నాలుగింటికీ 2.8 పెట్టించుకుని, తీరా అవసరం పడ్డ రోజు మనిషి ఎవరో తెలియక బాధపడ్డవాళ్లు నాకు తెలుసు.

3. డీవీఆరా, ఎన్వీఆరా?

తీగ ఉన్న కెమెరాలు రెండు రకాలు. ఒకటి హెచ్‌డీ అనలాగ్: బొమ్మను మోసే గుండ్రటి కోయాక్స్ కేబుల్, దాని చివర్లకు కట్టే బీఎన్సీ పిన్నులు, డీవీఆర్, కెమెరాలకు కరెంటు ఇచ్చే 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ పెట్టె. రెండోది ఐపీ: క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్, ఎన్వీఆర్ (ఐపీ కెమెరాలకు రికార్డు పెట్టె), అదే కేబుల్లో బొమ్మా కరెంటూ రెండూ వెళ్తాయి. దాన్నే పీఓఈ అంటారు.

కొత్తగా కట్టుకుంటున్న ఇల్లయితే, గోడల్లో పైపులు ఇంకా తెరిచి ఉంటే, ఐపీ పెట్టండి. కట్టిన ఇంటికి, ఊళ్లో పిన్నూ ఎస్‌ఎంపీఎస్సూ దొరికే చోట, రిపేరుకు మనిషి సులువుగా దొరికే చోట డీవీఆర్ పద్ధతే నయం. అమ్మానాన్న ఒంటరిగా ఉండే ఇంటికి నేనైతే డీవీఆరే పెడతాను. కింద చెప్పిన పనులన్నీ దానికే రాశాను. ఐపీ వాళ్లకు వేరుగా 9వ భాగం ఉంది.

4. కొనాల్సిన సామాను

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర కొన్నా, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెచ్చుకున్నా, ఈ జాబితా దగ్గర పెట్టుకోండి:

- 2 మెగాపిక్సెల్ బుల్లెట్ కెమెరాలు 4. బయట పెట్టేవాటికి ఐపీ66 లేదా ఐపీ67 అని ఉండాలి. ఇక్కడ ఐపీ అంటే నీరు, దుమ్ము తట్టుకునే గుర్తు.
- 4 లేదా 8 ఛానళ్ల డీవీఆర్. తర్వాత ఒక కెమెరా కలుపుతామనిపిస్తే ఇప్పుడే 8 తీసుకోండి.
- సర్వైలెన్స్ రకం హార్డ్ డిస్క్, 1 లేదా 2 టీబీ. పాత కంప్యూటర్ డిస్క్ రాత్రింబగళ్లు రాతకు తట్టుకోదు.
- 12 వోల్టులు, 5 ఆంపియర్ల 4 ఛానళ్ల ఎస్‌ఎంపీఎస్.
- 3+1 కేబుల్ (ఒక కోయాక్స్, దాంతో పాటు మూడు సన్నటి తీగలు ఉండేది). 90 మీటర్ల చుట్టగా దొరుకుతుంది. మీ మొత్తం కొలత చూసి ఎన్ని చుట్టలో లెక్కేయండి.
- బీఎన్సీ పిన్నులు 8, కెమెరాకు కరెంటు కలిపే డీసీ పిన్నులు 4. రెండేసి ఎక్కువ కొనండి.
- కెమెరా వెనక పెట్టే పీవీసీ జంక్షన్ బాక్సులు 4.
- 20 లేదా 25 ఎంఎం పీవీసీ పైపు, క్లాంపులు, బెండ్లు.
- స్క్రూలు, గిట్టీలు, సిలికాన్ ట్యూబు, మంచి ఇన్సులేషన్ టేపు.
- మల్టీమీటర్. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు.

కేబుల్ కొనేటప్పుడు ఒక చివర కొంచెం ఒలిచి చూపించమని అడగండి. లోపలి తీగను బ్లేడుతో గీకితే తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. కొంచెం ధర ఎక్కువైనా రాగిదే తీసుకోండి. కెమెరా ధరలో మిగిల్చుకున్నా పర్వాలేదు కానీ కేబుల్ దగ్గర మాత్రం మిగిల్చుకోవద్దు.

కెమెరా డబ్బా మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడండి. 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు కేంద్రం అదనపు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. బిల్లు లేని పాత సరుకు అంటగడితే వద్దనండి.

5. గోడెక్కక ముందు నేల మీదే అన్నీ కలపండి

హాల్లో చాప పరిచి డీవీఆర్, ఎస్‌ఎంపీఎస్, నాలుగు కెమెరాలు చిన్న ముక్క కేబుళ్లతో కలపండి. డీవీఆర్ మూత తీసి హార్డ్ డిస్క్‌ను కింది నుంచి నాలుగు స్క్రూలతో బిగించి, సాటా కేబుల్, పవర్ కేబుల్ రెండూ గట్టిగా నొక్కండి. టీవీకి హెచ్‌డీఎంఐ కలిపి చూడండి.

నాలుగు బొమ్మలూ వచ్చాయా? ఒక్కో కెమెరా ముందు అరచెయ్యి అడ్డం పెట్టండి. చీకటి అనుకుని ‘టిక్’ అని చిన్న చప్పుడు చేసి నలుపు తెలుపు బొమ్మలోకి మారాలి, ఐఆర్ లైట్లు (చీకట్లో చూడటానికి కెమెరాలోనే ఉండేవి) ఎర్రగా వెలగాలి. మారకపోతే ఇప్పుడే దుకాణానికి తీసుకెళ్లి మార్పించుకోవచ్చు. నిచ్చెన మీద ఉన్నప్పుడు తెలిస్తే రోజంతా వృథా.

6. కేబుల్ లాగడం

డీవీఆర్‌కు చోటు ముందు తేల్చండి. టీవీ కింద పెడితే లోపలికి వచ్చినవాడు మొదట అదే ఎత్తుకుపోతాడు. లోపలి గదిలో సజ్జ మీద, గాలి ఆడేలా, ఎలుకలు తిరగని మూలన పెట్టండి. మూసిన బీరువాలో పెడితే వేడికి హార్డ్ డిస్క్ పోతుంది.

కేబుల్‌కు ఈ నియమాలు:

- 230 వోల్టుల ఇంటి వైరింగ్ ఉన్న పైపులో ఈ కేబుల్ ఎప్పుడూ దూర్చొద్దు. పక్కపక్కన వెళ్లాల్సి వస్తే కనీసం ఒక అడుగు ఎడం, దాటాల్సి వస్తే లంబకోణంలో అడ్డంగా.
- బయట ఉన్న ప్రతి అడుగూ పైపులోనే. మన ఊళ్లలో కోతులు వేలాడే తీగను చూస్తే వదలవు, ఉడతలు కొరికి పెడతాయి. పైపుకు రెండడుగులకొక క్లాంపు వేయండి.
- మధ్యలో జాయింట్ వద్దు. కెమెరా నుంచి డీవీఆర్ దాకా ఒకే ముక్క.
- రెండు చివర్లకూ కాగితం ముక్క మీద 1, 2, 3, 4 అని రాసి టేపు చుట్టండి. లాగిన తర్వాత ఏది ఏదో తెలియక వెతకడం చాలా మందికి జరిగేదే.

గోడకు రంధ్రం వేసేటప్పుడు లోపలి నుంచి బయటికి కొంచెం కిందికి వాలేలా వేయండి. అప్పుడు వాన నీళ్లు లోపలికి రావు. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన, కింద డ్రిల్ పెట్టొద్దు, లోపల కరెంటు తీగ ఉంటుంది. పాత రాతి గోడ అయితే బిట్టు రాయికి తగిలి కదలదు. బలవంతంగా నొక్కక, రెండు రాళ్ల మధ్య మట్టి లేదా సున్నం సందు చూసి అక్కడ వేయండి. ప్రహరీకి రాతి కడీలున్న ఇళ్లలో కడీకి రంధ్రం వేయొద్దు, పగులుతుంది. ఇనుప పట్టీ చుట్టి బోల్టు బిగించి, దానికి జంక్షన్ బాక్సు కట్టండి.

నిచ్చెన నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు ఎడంగా పెట్టాలి. కింద ఒకరు పట్టుకునే ఉండాలి. డాబా పక్క నుంచి కరెంటు తీగలు వెళ్తుంటే ఆ వైపు పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

7. బీఎన్సీ పిన్ను కట్టడం: తొందరపడకూడని చోటు

చూసేందుకు చిన్న పని. నా లెక్కలో సగం ఫిర్యాదులు ఇక్కడే పుడతాయి.

కోయాక్స్ తీగ పై తొడుగును అంగుళం మేర గుండ్రంగా కోయండి, లోపలి జల్లెడ తీగలు తెగకూడదు. ఆ జల్లెడ పోగులన్నీ వెనక్కి మడిచి ఒక వైపుకు మెలిపెట్టండి. ఇప్పుడు తెల్లటి లోపలి తొడుగు కనిపిస్తుంది. దాన్ని అర అంగుళం తీస్తే మధ్యలో ఒకే రాగి తీగ మిగులుతుంది.

ఆ మధ్య తీగను పిన్ను లోపలి చిన్న రంధ్రంలోకి దూర్చి స్క్రూ బిగించండి. మెలిపెట్టిన జల్లెడను పిన్ను బయటి భాగానికి పట్టించి నొక్కండి. ఇక్కడే కళ్లు దగ్గరగా పెట్టి చూడాలి: వెంట్రుక లాంటి ఒక్క జల్లెడ పోగు మధ్య తీగకు తగిలినా బొమ్మ రాదు, లేదా వచ్చిపోతుంటుంది. ఫోన్ టార్చి వేసి చూసి, అలాంటి పోగులు కత్తిరించేయండి. తర్వాత స్ప్రింగు ముందుకు జరిపి, పిన్నును మెల్లగా లాగండి. ఊడి వస్తే మళ్లీ కట్టండి.

ఎర్ర తీగ, నల్ల తీగ డీసీ పిన్నుకు వెళ్తాయి. ఎర్రది ప్లస్, నల్లది మైనస్. తారుమారైతే కొన్ని కెమెరాలు అక్కడికక్కడే కాలిపోతాయి. పిన్ను మీద గుర్తు చూసి బిగించండి.

కెమెరా దగ్గర ఈ పిన్నులన్నీ జంక్షన్ బాక్సు లోపలే ఉండాలి. బయట వేలాడదీసి టేపు చుడితే మొదటి తొలకరికే నీళ్లు పోతాయి, నెలకు పిన్ను పచ్చగా తుప్పు పడుతుంది. కేబుల్ బాక్సులోకి వెళ్లే ముందు కిందికి ఒక చిన్న వంపు తిప్పండి. వాన చుక్క ఆ వంపు దగ్గరే కింద రాలిపోతుంది. బాక్సు పై అంచుకు, రెండు పక్కలకు సిలికాన్ పట్టించి కింది అంచు వదిలేయండి, లోపల చేరిన తేమ బయటికి పోవాలి.

8. కరెంటు: రాత్రి ఆగిపోయే కెమెరా కథ

దేవరకొండలో మా అక్క వాళ్లింట్లో నాలుగు కెమెరాలు పెట్టించారు. పగలు నాలుగూ బాగుండేవి. పొద్దు కుంకగానే గేటు కెమెరా ‘టిక్’ అని ఆగేది, మళ్లీ వచ్చేది, మళ్లీ ఆగేది. పెట్టినవాళ్లు కెమెరా రెండుసార్లు మార్చారు. మూడోదీ అట్లనే చేసింది. బావ నాకు ఫోన్ చేసి, "ఇది మా గేటు దోషమేమో" అన్నాడు.

పోయి మల్టీమీటర్ పెట్టాను. ఎస్‌ఎంపీఎస్ దగ్గర 12.1 వోల్టులు ఉంది. గేటు దగ్గర, గోడల వెంట తిరిగి 45 మీటర్ల కేబుల్ తర్వాత, పగలు 11.2. కెమెరా ముందు చెయ్యి అడ్డం పెట్టి ఐఆర్ లైట్లు వెలిగించగానే 9.7కు పడిపోయి కెమెరా ఆగింది. ఆగగానే భారం తగ్గి వోల్టేజీ పెరిగింది, మళ్లీ లేచింది. రాత్రంతా అదే. సన్నటి తీగలో దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది, కెమెరా ఎక్కువ కరెంటు లాగేకొద్దీ ఇంకా పడిపోతుంది. ఐఆర్ లైట్లు వెలిగేది రాత్రే కాబట్టి జబ్బు రాత్రే బయటపడింది.

పరిష్కారాలు, ఈ వరుసలో ప్రయత్నించండి:

1. 3+1 కేబుల్లో కోయాక్స్ కాక మూడు తీగలుంటాయి. మూడోది మైక్ కోసం. మైక్ వాడకపోతే ఆ తీగను రెండు చివర్లా నల్ల తీగతో కలిపేయండి. అక్క వాళ్లింట్లో ఇలా కలిపితే 9.7 కాస్తా 10.3 అయింది.
2. అది చాలకపోతే కెమెరా దగ్గరున్న లైటు పాయింట్ నుంచి వేరే 12 వోల్టుల అడాప్టర్ ఇవ్వండి, వాన తగలని బాక్సులో. అక్క వాళ్లింటి గేటు కెమెరా చివరికి దీనితోనే నిలబడింది.
3. అక్కడ పాయింట్ లేకపోతే కరెంటుకు మాత్రం మందమైన రాగి తీగ వేరుగా లాగండి.

ఎస్‌ఎంపీఎస్‌లో చిన్న స్క్రూ తిప్పి వోల్టేజీ పెంచుకోవచ్చని కొందరు చెప్తారు. దగ్గరలో ఉన్న కెమెరాలకు కూడా ఆ పెరిగిన వోల్టేజీయే వెళ్తుంది. నేను సలహా ఇవ్వను.

ఎస్‌ఎంపీఎస్‌కు 230 వోల్టుల కనెక్షన్ ఇచ్చేటప్పుడు మెయిన్ ఎంసీబీ దించండి. లైను, న్యూట్రల్, ఎర్త్ మూడూ బిగించండి. ఇంటికి ఎర్తింగ్ లేకపోతే ముందు అది చేయించండి. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారంతో వచ్చే ఉరుముల వానల్లో డీవీఆర్‌లు పోయేది ఎక్కువగా ఎర్తింగ్ లేని ఇళ్లలోనే.

కరెంటు పోయినప్పుడు కూడా రికార్డు కావాలంటే డీవీఆర్, ఎస్‌ఎంపీఎస్, వైఫై రూటర్ మూడూ ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. చాలా ఇళ్లలో డీవీఆర్ ఒక్కటే ఉంటుంది. అప్పుడు నల్లటి తెరను రికార్డు చేసుకుంటూ కూర్చుంటుంది. నాలుగు కెమెరాలకు రాత్రి ఒక్కోదానికి 5 వాట్లు, డీవీఆర్, రూటర్ కలిపి 30 వాట్లు అనుకున్నా మొత్తం 50 వాట్లే. ఇంటి ఇన్వర్టర్‌కు అది ఒక ఫ్యాను భారమంత కూడా కాదు.

9. ఐపీ కెమెరాలు పెట్టేవాళ్లకు తేడాలు

కేబుల్ పొడవు పీఓఈ స్విచ్ (కెమెరాల కేబుళ్లన్నీ కలిపే పెట్టె) నుంచి కెమెరాకు 100 మీటర్లు దాటకూడదు. క్యాట్6 చివర కట్టే ఆర్‌జే45 పిన్నులో రంగుల వరుస రెండు చివర్లా ఒకటే: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. అల్యూమినియం క్యాట్6 పీఓఈకి అసలు పనికిరాదు, వేడెక్కుతుంది. స్విచ్ మీద 802.3ఏఎఫ్ లేదా 802.3ఏటీ అని ఉండాలి. ఏఎఫ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల దాకా ఇస్తుంది, మామూలు కెమెరాకు చాలు. మిగతా బిగింపంతా పైన చెప్పినట్టే.

10. డీవీఆర్ సెట్టింగులు, ఈ వరుసలో

1. పాస్‌వర్డ్. ఊరి పేరు, పుట్టిన సంవత్సరం, 123456 వద్దు. పెట్టినది నోటుబుక్కులో రాసి బీరువాలో దాచండి. బిగించినవాళ్లు వేరే ఉంటే వాళ్లు పోగానే మార్చండి.
2. తేదీ, సమయం. టైమ్ జోన్ జీఎంటీ +5:30. ‘ఎన్‌టీపీ’ ఆన్ చేస్తే ఇంటర్నెట్ నుంచి గడియారం తానే సరిచేసుకుంటుంది.
3. హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేసి ‘ఓవర్‌రైట్’ (నిండితే పాతది చెరిపి కొత్తది రాయడం) ఆన్ చేయండి. లేకపోతే డిస్క్ నిండిన రోజు రికార్డింగ్ ఆగిపోతుంది, ఎవరికీ తెలియదు.
4. కంప్రెషన్ (వీడియోను కుదించే పద్ధతి) హెచ్.265. కెమెరాకు బిట్‌రేట్ (సెకనుకు రాసే డేటా) 2 ఎంబీపీఎస్ పెడితే రోజుకు 21.6 జీబీ. నాలుగింటికి 86 జీబీ. 1 టీబీ డిస్క్‌లో సుమారు 11 రోజులు నిలుస్తాయి. రెండు మూడు వారాలు ఊరికి పోయే ఇల్లయితే 2 టీబీ తీసుకోండి.
5. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్‌జ్. 60 ఉంటే ట్యూబ్‌లైట్ వెలుగులో బొమ్మ కొట్టుకుంటుంది.
6. ప్రతి కెమెరాకు పేరు: గేటు, వాకిలి, మెట్లు, పెరడు.
7. కదలిక గుర్తింపు. తెర మొత్తానికి కాక గేటు, తలుపు చుట్టూ మాత్రమే గీయండి. చెట్టు కొమ్మలు, రోడ్డు వదిలేయండి. లేకపోతే కుక్క పోయినా, కొమ్మ ఊగినా ఫోన్ మోగి, వారంలో మీరే అలర్టులు ఆపేస్తారు.

11. ఫోన్‌లో చూడటం

డీవీఆర్‌ను రూటర్‌కు లాన్ కేబుల్‌తో కలపండి. కంపెనీ యాప్ వేసుకుని, డీవీఆర్ మెనూలో కనిపించే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. రూటర్‌లో పోర్టులు తెరవడం, వాటిని తానే తెరిచే యూపీఎన్‌పీ లాంటివి వద్దు. అన్నకు, చెల్లెకు చూపించాలంటే యాప్‌లో ‘షేర్’ ఇవ్వండి, అసలు పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపొద్దు. ఫోన్లో బొమ్మ ఆగిఆగి వస్తుంటే ‘సబ్ స్ట్రీమ్’ (తక్కువ నాణ్యత బొమ్మ) ఎంచుకోండి.

అమ్మానాన్నకు కూడా టీవీలో ఎట్ల చూడాలో నేర్పించండి. గేటు చప్పుడైతే లేచి బయటికి పోవడం కన్నా మంచం మీది నుంచే చూసుకోవడం వాళ్లకు ఎంతో ధీమా.

12. రాత్రి నడక పరీక్ష

పని అయిపోయిందనుకున్న రోజే రాత్రి 9 గంటలకు ఇది చేయండి. ఇంటి లైట్లన్నీ ఆపండి. ఒకరు ఫోన్ పట్టుకుని చూడాలి, ఇంకొకరు గేటు బయటి నుంచి వాకిలి దాకా, మెట్ల నుంచి పెరటి దాకా నడవాలి.

- ముఖం తెలుస్తోందా, తెల్లటి ముద్దలా ఉందా? ముద్దలా ఉంటే ఐఆర్ దగ్గరి గోడకో సజ్జకో తగిలి తిరిగి వస్తోంది. కెమెరాను కొంచెం ముందుకు, కిందికి తిప్పండి.
- కెమెరాల మధ్య ఎక్కడైనా మనిషి మాయమవుతున్నాడా?
- బండి నంబరు ప్లేటు రాత్రి తెల్లగా మెరిసిపోతే అది మామూలే. నంబరు కావాలంటే గేటు దగ్గర ఒక లైటు వెలిగించి ఉంచండి.

చెర్వుగట్టు జాతరకో, కురుమూర్తి జాతరకో ఇల్లు తాళమేసి పోయే ముందు కూడా ఈ నడక ఒకసారి చేయండి.

13. తరచూ వచ్చే సమస్యలు

*ఒక్క కెమెరాకే ‘వీడియో లాస్’.* ఆ కేబుల్‌ను డీవీఆర్‌లో వేరే పోర్టుకు మార్చండి. అక్కడ వస్తే పోర్టు తప్పు. రాకపోతే పిన్నులు విప్పి మళ్లీ కట్టండి. అప్పటికీ రాకపోతే కెమెరా దగ్గర వోల్టేజీ కొలవండి.

*నాలుగూ ఒక్కసారే పోయాయి.* దాదాపు ఎప్పుడూ ఎస్‌ఎంపీఎస్సే.

*తెర మీద గీతలు పాకుతున్నాయి.* కెమెరా ఇనుప ఒళ్లు ఇనుప గేటుకో ఊచకో తగులుతోందేమో చూడండి. మధ్యలో పీవీసీ బాక్సు పెట్టండి. కరెంటు తీగ పక్కనే కేబుల్ పోతోందేమో కూడా చూడండి.

*రాత్రి పొగమంచులా ఉంది.* సాలెగూడు. ఐఆర్ వెలుగుకు పురుగులు, పురుగులకు సాలీళ్లు వస్తాయి. మెత్తటి గుడ్డతో తుడవండి.

*పగలు బొమ్మ గులాబీ రంగులో ఉంది.* లోపలి ఐఆర్ ఫిల్టర్ ఇరుక్కుంది. కరెంటు తీసి పెట్టి చూడండి, పోకపోతే వారంటీలో మార్పించండి.

*డీవీఆర్ ‘బీప్ బీప్’ అంటోంది.* హార్డ్ డిస్క్ కనిపించట్లేదు. కరెంటు తీసి లోపలి రెండు కేబుళ్లు మళ్లీ నొక్కండి.

*టీవీలో వస్తోంది, ఫోన్లో రావట్లేదు.* కెమెరాల జోలికి పోవద్దు. రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయండి, నెట్ రీఛార్జ్ చూడండి.

14. నెలకోసారి చేయాల్సినవి, ఫుటేజీ అవసరమైన రోజు చేయాల్సినవి

నెలకోసారి పది నిమిషాలు చాలు:

- లెన్స్ అద్దాలు తుడవడం
- పది రోజుల కిందటి రికార్డింగ్ ఒకటి తెరిచి చూడటం (లైవ్ వస్తోందంటే రికార్డు అవుతోందని కాదు)
- డీవీఆర్ గడియారం ఫోన్‌తో సరిచూడటం
- మెయిన్ ఆపి, ఇన్వర్టర్ మీద నడుస్తోందో లేదో చూడటం

ఏదైనా జరిగితే ముందు 112కు ఫోన్ చేయండి. డీవీఆర్‌లో ఏదీ ఫార్మాట్ చేయొద్దు, రీసెట్ చేయొద్దు. 11 రోజులు దాటితే పాతది చెరిగిపోతుంది కాబట్టి అదే రోజు ఆ గంట వీడియోను, ముందు వెనక అరగంట కలిపి, పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. ఫోన్ తెరను ఇంకో ఫోన్‌తో తీసిన వీడియో దీనికి బదులు కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఇలాంటి వీడియోకు ధ్రువపత్రం జత చేయాల్సి ఉంటుంది. దాని గురించి పోలీసులనే అడగండి, డీవీఆర్‌ను ఉన్నచోటే ఉంచండి.

తీసేటప్పుడు డీవీఆర్ తెర మీది సమయం, మీ ఫోన్‌లోని సమయం రెండూ చూడండి. తేడా ఎన్ని నిమిషాలుందో కాగితం మీద రాసి, తేదీ వేసి, పెన్‌డ్రైవ్‌తో పాటు ఇవ్వండి.